ఓడ వంటవాడి పౌరసత్వం

క్వాన్ తాక్ దాదాపు ముప్పై ఏళ్ళు సరుకు ఓడల మీద వంట చేశాడు. ఓడ దిగి పదిహేనేళ్ళయినా హాంకాంగ్ షెక్ కిప్ మేయ్ పేటలో అందరికీ ఇంకా ఓడ తాక్ అన్నే. పొద్దున పూట బ్లాకు కింది టీ దుకాణంలో పేపరు చదివే ముసలాళ్ళకి ఎక్కడ ఏ దేశం గురించి సందేహం వచ్చినా ఆయన బల్ల దగ్గరికే వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళ జెండా దిగడం నాలుగైదు రేవుల్లో చూసిన మనిషి ఆ పేటలో ఇంకొకరు లేరు. పెనాంగ్‌లో చూశాడు, లేగోస్‌లో చూశాడు, మొంబాసాలో చూశాడు. సింగపూర్‌లో ఒకటికి రెండుసార్లు చూశానని చెప్పేవాడు. ఆ లెక్క ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పేవాడు.

తొంభై ఆరు మార్చి వచ్చేసరికి ఆ టీ దుకాణంలో మాటంతా ఒకటే. మరుసటి ఏడాది జులైలో ఇంగ్లీషువాళ్ళు హాంకాంగ్‌ని చైనాకి ఇచ్చేసి వెళ్ళిపోతున్నారు. ఈలోగా ఇక్కడ పుట్టనివాళ్ళెవరైనా బ్రిటిష్ పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకోవాలంటే ఆ నెలాఖరు ఆదివారంతో గడువు. దరఖాస్తు పెట్టుకుంటే ముందు ఒక రకం పౌరులవుతారట, ఆ తర్వాత ఇంకో రకం పాస్‌పోర్టు ఇస్తారట, దానితో ఇంగ్లండు వెళ్ళి ఉండటానికి మాత్రం వీల్లేదట. ఉండటానికి వీల్లేని దేశం పాస్‌పోర్టు ఎందుకని కొందరన్నారు. ఏదైతేనేం, చేతిలో ఒకటి ఉండాలని ఇంకొందరన్నారు. వద్దన్నవాళ్ళు కూడా గురువారానికల్లా వరసలో నిలబడ్డారు.

తాక్ భార్య లాన్ పుట్టింది చైనాలోని షుంతాక్‌లో. ఇరవై రెండేళ్ళప్పుడు సరిహద్దు దాటి వచ్చి దారాల మిల్లులో చేరింది. తాక్ పుట్టింది మాత్రం ఇక్కడే, సాయ్ యింగ్ పున్‌లో, ఒక బియ్యం కొట్టు మేడ మీద. అందుకని తన సంగతి ఆయనకి ఎప్పుడూ బెంగ లేదు. బెంగంతా ఆవిడ గురించే.

"భార్యాభర్తల దగ్గర రెండు రకాల కాగితాలేమిటి? రేపు వెళ్దాం. నేనూ వస్తాను," అన్నాడు గురువారం సాయంత్రం.

"ముప్పై నాలుగేళ్ళు రెండు రకాల కాగితాలతోనే కదా కాపురం చేశాం," అంది లాన్, సూపు కుండ దించుతూ. "ఒక్కరోజు కూడా నీ కాగితం నా కాగితంతో పోట్లాడలేదు."

"అప్పుడు వేరు. ఇప్పుడు దేశమే చేతులు మారుతోంది. నేను ఎన్ని రేవుల్లో చూశాను. ఆఖరి నిమిషంలో కాగితం లేనివాడి పాట్లు చెప్పలేం."

తెల్లవారుజామున లాన్ తనే ముందు లేచి, రెండు ఉడకబెట్టిన గుడ్లు, సీసాలో టీ, పాత పేపర్లు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

వాన్ చాయ్ చేరేసరికి వరస ఇమిగ్రేషన్ భవనం చుట్టూ తిరిగి, వంతెన దాటి, ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. పోలీసులు జనాన్ని దగ్గర్లోని ఆటల మైదానంలోకి మళ్ళించారు. మెట్ల మీద వరసలు వరసలుగా కూర్చోబెట్టారు. ముందు వరస లేచినప్పుడు వెనక వరస ఒక మెట్టు దిగాలి. ఆట లేదు, ఆటగాళ్ళు లేరు. కింద ఖాళీ పచ్చిక వైపు చూస్తూ వేల మంది ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు.

తాక్ పక్కన ముప్పై ఏళ్ళ అమ్మాయి కూర్చుంది. పేరు తామ్ అని చెప్పింది. కౌలూన్‌లో ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు, నాలుగేళ్ళప్పుడు కాంటన్ నుంచి తల్లితో వచ్చిందట. ఒళ్ళో పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. తాక్ ఒక పేపరు మీదికి తొంగి చూశాడు.

"ఏం పాఠం మిస్?"

"బ్రిటిష్ వలస రాజ్యాలు ఎలా విడిపోయాయి అని బాబాయ్. స్వపరిపాలనకీ స్వాతంత్ర్యానికీ తేడా రాయమన్నాను. సగం మంది రెండూ ఒకటేనని రాశారు. మిగతా సగం మంది ఒకటి రాశాక సిరా అయిపోయిందని రాశారు."

"అయిపోయింది మీ పని," అంది లాన్ ఆ అమ్మాయితో. "ఇక ఆయన ఆగడు."

తాక్ ఆగలేదు. పెనాంగ్‌లో తన చెల్లెలి మొగుడు ఒక మధ్యాహ్నం పూట చెయ్యెత్తి ప్రమాణం చేసి మలయా పౌరుడై, అదే మధ్యాహ్నం వచ్చి మళ్ళీ కొట్టు తెరిచిన సంగతి చెప్పాడు. లేగోస్ రేవులో ఆకుపచ్చ, తెలుపు జెండాల కింద మనుషులు ఓడ సైరన్లకి సరిపోయేలా డప్పులు కొట్టిన సంగతి చెప్పాడు. చుట్టుపక్కల నలుగురైదుగురు చెవులు ఇటు పెట్టారు. ఆయన గొంతు ఇంకాస్త లేచింది.

"మరి లేగోస్‌లో స్వాతంత్ర్యం వచ్చాక రాణి ఉందా, పోయిందా బాబాయ్?" అంది మిస్ తామ్. పెన్ను పక్కన పెట్టేసింది.

"ఉంది. ఇంకో మూడేళ్ళు ఉంది."

"స్వాతంత్ర్యం వచ్చాక కూడానా?" అన్నాడు వెనక మెట్టు మీది బట్టతలాయన.

"దాన్ని అధినివేశ ప్రతిపత్తి అంటారు. అంటే ఇల్లు నీదే, గోడ మీద ఫొటో ఆవిడది. తర్వాత ఫొటో కూడా తీసేశారు. అప్పుడది గణతంత్రం అయింది."

"సింగపూరో?"

"సింగపూర్‌కి ముందు స్వపరిపాలన ఇచ్చారు. ఇంటి లోపలి సంగతులు నువ్వు చూసుకో, వీధి తలుపు తాళం మా దగ్గరుంటుంది అన్నట్టు. తర్వాత మలేసియా సమాఖ్యలో కలిసింది. అలా ఇంగ్లీషువాళ్ళ నుంచి విడిపోయింది. రెండేళ్ళకి మలేసియా నుంచి కూడా విడిపోయింది. అప్పుడు వచ్చింది అసలు స్వాతంత్ర్యం."

"అంటే కలిసి ఒకసారి, విడిపోయి ఒకసారి," అంది లాన్. "కలిసినా స్వాతంత్ర్యమే, విడిపోయినా స్వాతంత్ర్యమే. మరి ఏది కాదు?"

జనం నవ్వారు. తాక్ కూడా నవ్వాడు కానీ లోపల ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్ళు చెప్పిన కథే. అందులో అలాంటి ప్రశ్న ఒకటుందని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

వరస లేచింది. అందరూ ఒక మెట్టు దిగి మళ్ళీ కూర్చున్నారు. లాన్ పాత పేపరు పరిచి గుడ్డు వలిచి ఇచ్చింది. తాక్ గుడ్డు తింటూ మొంబాసా సంగతి ఎత్తుకున్నాడు. అదైతే ఎవరికీ తెలియదు, ఎవరూ అడ్డం రారనుకున్నాడు.

"మొంబాసా కెన్యాకి రేవు. కానీ ఆ ఊరు కెన్యాది కాదు. జాంజిబార్ సుల్తానుది. తీరం పొడుగునా పది మైళ్ళ వెడల్పు నేల ఇంగ్లీషువాళ్ళు ఆయన దగ్గర కౌలుకి తీసుకున్నారు. అందుకని కోట మీద సుల్తాను ఎర్ర జెండా ఎగిరేది. లోపలి కొండలు వలస రాజ్యం. ఊరు మాత్రం రక్షిత రాజ్యం."

"కౌలుకా? మన షెక్ కిప్ మేయ్ లాగే," అంది లాన్. "బౌండరీ స్ట్రీట్‌కి అవతలంతా చైనా దగ్గర తీసుకున్న తొంభై తొమ్మిదేళ్ళ కౌలుదేగా. నువ్వు పుట్టిన సాయ్ యింగ్ పున్ మాత్రం శాశ్వతంగా రాసిచ్చేసింది. ఆ లెక్కన నువ్వు సొంత నేల మీద పుట్టి కౌలు నేల మీద కాపురముంటున్నావు."

"మరి జెండా దించినప్పుడు ఆ కౌలు నేల ఎవరికి పోయింది బాబాయ్?" అంది మిస్ తామ్.

"కెన్యాలో కలిసిపోయింది. సుల్తాను సంతకం పెట్టాడు."

"మొంబాసా వాళ్ళని అడిగారా?"

తాక్ గుడ్డు తినడం ఆపాడు. ఆ రోజు రేవు బయట బజారులో ఉల్లిపాయల బస్తా బేరమాడుతున్నాడు తను. బస్తా అమ్మిన మనిషి ఏదో అన్నాడు. ఆనందంగా అన్నాడో, ఏడుస్తూ అన్నాడో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే ముఖం కూడా రావడం లేదు. ఉల్లిపాయలు మాత్రం గుర్తున్నాయి. చిన్నవి, ఎర్రవి.

"నేను ఓడ వంటవాణ్ణి మిస్. నాకేం తెలుస్తుంది," అన్నాడు.

మిస్ తామ్ నెమ్మదిగా అడిగింది.

"పోనీ, మనదాన్ని ఏమంటారు? వచ్చే ఏడాది పిల్లలకి బోర్డు మీద ఏం రాయాలో నాకు నిజంగా తెలియడం లేదు. స్వపరిపాలన కాదు. గణతంత్రం కాదు. స్వాతంత్ర్యం అనడానికి లేదు. ఇంగ్లీషు పేపర్లు అప్పగింత అంటున్నాయి. చైనా పేపర్లు తిరిగి రావడం అంటున్నాయి. అప్పగించేవాడు వేరు, వచ్చేవాడు వేరు కదా. మనం ఏ చివర ఉన్నాం?"

"అసలు మనది వలస రాజ్యమే కాదు అంటున్నారుగా," అన్నాడు బట్టతలాయన. "నేను తపాలా ఆఫీసులో చేశాను. నేను చేరినప్పుడు కాగితాల మీద వలస రాజ్యం అనే ఉండేది. తర్వాత ఒకనాడు పై నుంచి చెప్పారు, ఇక భూభాగం అని రాయాలని."

"ఎందుకు మార్చారు?"

"ఎందుకని అడిగితే ఉద్యోగం చేస్తామా?"

అందరూ తాక్ వైపు చూశారు. టీ దుకాణంలో అయితే ఆయన ఇలాంటప్పుడు ఒక్క గుక్క టీ తాగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు. ఇప్పుడు టీ తాగాడు, గొంతు సవరించుకున్నాడు. తను చూసిన రేవుల్లో ఒక్కటి కూడా దీనికి సరిపోవడం లేదు. పెనాంగ్ కాదు, లేగోస్ కాదు, సింగపూర్ అసలే కాదు. మొంబాసా కొంచెం కొంచెం. ఆ కొంచెం దగ్గరే ఆయనకి ఏమీ తెలియదు.

"చెప్తాలే తర్వాత," అన్నాడు. ముఖం ఎండ వల్ల ఎర్రబడిందో, ఇంకెందుకో.

మధ్యాహ్నం రెండు దాటాక వాళ్ళ వంతు వచ్చింది. మెట్ల కింద బల్లలు వేసి గుమాస్తాలు కూర్చున్నారు. వాళ్ళకి దొరికిన గుమాస్తా పాతికేళ్ళవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం మర్యాదగా ఉంది. లాన్ కాగితాలు చూశాడు. పెళ్ళి పత్రం చూశాడు. భర్త పాస్‌పోర్టు ఇమ్మన్నాడు. తాక్ కోటు లోపలి జేబులోంచి గర్వంగా తీసి ఇచ్చాడు.

గుమాస్తా పేజీలు తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"ఇది పాతది కదా పెద్దాయనా. కొత్తదానికి మార్చుకోలేదా?"

"పాతదేం కాదు బాబూ. తొంభై తొమ్మిది దాకా చెల్లుతుంది. అక్కడే రాసుంది చూడు."

"పుస్తకం మీద తొంభై తొమ్మిది అనే ఉంది. కానీ ఈ పౌరసత్వం వచ్చే ఏడాది జూన్ ఆఖరుతో రద్దవుతుంది. ఆ తర్వాత కూడా బ్రిటిష్ పాస్‌పోర్టు కావాలంటే కొత్త రకానికి ముందే నమోదు చేసుకోవాలి. వయసుల వారీగా గడువులు పెట్టారు. మీరు ఏ సంవత్సరం?"

"ఇరవై తొమ్మిది."

"అయితే మీ వయసువాళ్ళకి నిరుడే అయిపోయింది."

తాక్‌కి ముందు ఆ మాట అర్థం కాలేదు. ఆ కుర్రవాడు లాన్ గురించి చెబుతున్నాడనుకున్నాడు.

"ఆవిడకి ఆదివారం దాకా ఉందన్నారుగా?"

"ఆవిడకి ఉంది. ఆవిడ ఇక్కడ పుట్టలేదు కాబట్టి కొత్తగా పౌరురాలు అవుతున్నారు, దానికి ఆదివారం గడువు. మీరు పుట్టుకతోనే పౌరులు. మీది వేరే గడువు. అది అయిపోయింది."

"పుట్టుకతో ఉన్నవాడికి పోయి, లేనిదానికి వస్తుందా?"

"ఆలస్యానికి కారణం రాసి పెట్టుకోవచ్చు. ఒప్పుకుంటారో లేదో పైవాళ్ళ ఇష్టం," అన్నాడు గుమాస్తా. ఆ ఉదయం నుంచి అదే మాట ఎంతమందితో చెప్పాడో, గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి."

లాన్ పెన్ను పట్టుకుంది కానీ పెట్టలేదు. మొగుడి వైపు చూసింది. ఆయన పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, అది ఎవరో కొత్తవాళ్ళ వస్తువైనట్టు చూస్తున్నాడు.

"నువ్వు లేని దాంట్లో నాకెందుకు?" అంది.

"పెట్టు."

"ఇద్దరికీ ఒకే రకం కాగితం అని కదా తీసుకొచ్చావు. ఇప్పుడు కూడా రెండు రకాలే. అటుది ఇటయింది, అంతే."

"పెట్టమన్నానుగా లాన్."

"అమ్మా, మీ వెనక ఇంకా పదివేల మంది ఉన్నారు," అన్నాడు గుమాస్తా.

ఆవిడ సంతకం పెట్టింది. "నీ కోసం కాదు, వాళ్ళ కోసం కాదు. పొద్దున్నుంచి ఇన్ని మెట్లు దిగిన నా మోకాళ్ళ కోసం పెడుతున్నాను," అంది.

బయటికొచ్చాక ట్రామ్ ఎక్కారు. తాక్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బియ్యం కొట్టు ఉండే వీధికి ట్రామ్ ఎలాగూ పోతుంది కాబట్టి ఒకసారి చూద్దామా అని లాన్ అడిగింది. వద్దన్నాడు. మూడు స్టాపులు దాటాక అడిగాడు, "నేను ఇప్పుడు ఎవర్ని?"

"ఆకలేస్తున్న ముసలాడివి. దిగు, నూడుల్స్ తిందాం."

నూడుల్స్ దుకాణంలో గిన్నె ముందు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఓడ నౌకరీ పుస్తకంలో బ్రిటిష్ ప్రజ అని ఉండేది. తర్వాతి పాస్‌పోర్టులో యునైటెడ్ కింగ్‌డమ్ మరియు వలస రాజ్యాల పౌరుడు అన్నారు. ఎనభై మూడు నుంచి బ్రిటిష్ ఆధారిత భూభాగాల పౌరుడు. తను మాత్రం ఒక్క అడుగు కదల్లేదు. సాయ్ యింగ్ పున్ కూడా కదల్లేదు. పేరు మారినప్పుడల్లా ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు.

"ఉత్తరం వచ్చే ఉంటుంది," అంది లాన్. "పేపర్లో, టీవీలో ఎన్నిసార్లు చెప్పారో. నువ్వు టీవీలో వచ్చేదాన్ని వినవుగా. టీవీకి నువ్వే చెప్తావు."

ఆయన కోప్పడలేదు. అది నిజమని ఒప్పుకున్నట్టుగా నూడుల్స్ తిన్నాడు.

తర్వాతి వారమంతా కారణం రాయడంలోనే పోయింది. భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని పొద్దున్నే కూర్చునేవాడు. మొదటి ఉత్తరం ఐదు పేజీలొచ్చింది. అందులో పెనాంగ్ ఉంది, లేగోస్ ఉంది, తను వండిపెట్టిన ఇంగ్లీషు కెప్టెన్ల పేర్లున్నాయి, ఒక తుఫానులో ఓడ మునగబోయిన సంగతి కూడా ఉంది. లాన్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"కారణం అడిగారు. నువ్వు జీవితం రాశావు."

"జీవితమే కారణం."

"వాళ్ళకి అక్కర్లేదు. ఎందుకు ఆలస్యం చేశావు, అది రాయి."

రెండోది రెండు పేజీలు. మూడోదాంట్లో జబ్బు చేసిందని రాద్దామనుకున్నాడు, కానీ అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఆఖరికి వీధి చివర ఉత్తరాలు రాసే ఆయన దగ్గర ఇంగ్లీషులో రాయించినది మూడే వాక్యాలు. గడువు సంగతి నాకు తెలియలేదు. నాకు అన్నీ తెలుసనుకున్నాను. దయచేసి పరిశీలించగలరు. ఉత్తరాల ఆయన మధ్య వాక్యం తీసేద్దామన్నాడు. తాక్ ఉంచమన్నాడు.

తిరుగు ఉత్తరం సెప్టెంబరులో వచ్చింది. తెలిపిన కారణం చాలదు, అంతే. కింద ఎవరిదో సంతకం, చదవడానికి రాలేదు. తాక్ దాన్ని టీ దుకాణానికి తీసుకెళ్ళలేదు. ఆ నెలల్లో టీ దుకాణానికే తక్కువ వెళ్ళాడు. వెళ్ళినా పేపరు చదివి ఊరుకునేవాడు. ఎవరైనా వచ్చి, "అన్నా, జులై నుంచి మనది ప్రత్యేక పాలనా ప్రాంతమట, అంటే ఏమిటి, సమాఖ్యలాంటిదా?" అని అడిగితే, "నాకు సరిగా తెలియదు," అనేవాడు. మొదట్లో అది ఎగతాళి అనుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. నిజానికి ఆ మాట అన్నాక ఆయన అడిగినవాడి ముఖం వైపు చూసేవాడు. వాడు ఏమనుకుంటున్నాడో వినేవాడు. పక్క బ్లాకు కూరగాయల లియుంగ్ అంతకు ముందు ఎప్పుడూ ఆయన బల్ల దగ్గర రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడి ఎరగడు. ఇప్పుడు అతను తన ఊరి కమ్యూన్‌లో ఉమ్మడి సేద్యం సంగతి, సరిహద్దు నది ఈదిన సంగతి మొత్తం చెప్పాడు. తాక్ మధ్యలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అక్టోబరులో లాన్‌కి పిలుపు వచ్చింది. ప్రమాణం చెయ్యాలి. ఆవిడ పెళ్ళిళ్ళకి వేసుకునే నీలం కోటు తొడుక్కుంది. సెంట్రల్ పేటలో ఒక ప్లీడరు ఆఫీసు, నాలుగో అంతస్తు. తాక్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు గాజుది కాబట్టి ఆవిడ నిలబడి కాగితం పట్టుకుని చదవడం కనిపించింది. మాట వినపడలేదు. దారాల మిల్లు సూపర్‌వైజరు ముందు నిలబడ్డప్పుడు కూడా ఇలాగే నిలబడేదేమో అనుకున్నాడు. అంత బుద్ధిగా తన ముందు ఎప్పుడూ నిలబడలేదు.

పది నిమిషాల్లో బయటికొచ్చింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. యజమానమ్మకీ, ఆవిడ వారసులకీ, వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకీ విశ్వాసంగా ఉంటానన్నాను."

హాంకాంగ్‌లో రాణిని జనం యజమానమ్మ అనే పిలిచేవారు. లాన్ నవ్వకుండా అన్న ఆ మాటకి తాక్ నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళంటే ఎవరు?" అన్నాడు. "జులైలో వచ్చేవాళ్ళా?"

"అదే అడిగాను లోపల. ప్లీడరు నవ్వి, కాగితంలో ఉన్నది చదివితే చాలన్నాడు."

"అంటే ఆయనకీ తెలియదు."

"ఎవరికీ తెలియదయ్యా. నీ ఒక్కడికే తెలియదనుకుని ఆరు నెలల నుంచి కుమిలిపోతున్నావు."

లిఫ్టు రావడం ఆలస్యమైంది. మోకాళ్ళ నొప్పి అని ఆవిడ మెట్లు వద్దంది. ఇద్దరూ లిఫ్టు ముందు నిలబడ్డారు. ఆవిడ చేతిలో కవరు ఉంది. లోపల ఉన్న కాగితం ప్రకారం ఆవిడ ఆధారిత భూభాగాల పౌరురాలు, ఇంకో తొమ్మిది నెలల దాకా. ఆయన దాన్ని అడిగి తీసుకుని, పైన రాసున్న ఇంగ్లీషు అక్షరాలు వేలితో ఒక్కొక్కటే చదివాడు. ఓడల మీద నేర్చుకున్న ఇంగ్లీషు. సరుకుల పేర్లయితే గబగబా వచ్చేవి, ఇవి రావడం లేదు.

"ఏమని ఉంది?" అంది లాన్.

"నీ పేరు తప్పు రాశారు," అన్నాడు. "కాదు, ఉండు. సరిగ్గానే ఉంది. నేనే తప్పు చదివాను."